విశాఖ నుంచి లంబసింగి దాకా కారులో ఒంటరిగా: పొద్దు వాలేలోపు డేరా వేసుకోవడం ఎలా?

విశాఖపట్నం నుంచి లంబసింగికి నర్సీపట్నం మీదుగా తిన్నగా వెళ్తే వంద కిలోమీటర్ల చిల్లర. టిఫిన్ తిని బయల్దేరినా భోజనం వేళకు చేరిపోవచ్చు. నేను చెప్పబోయేది ఆ దారి కాదు. శృంగవరపుకోట దాటాక కొండెక్కి, అనంతగిరి, అరకు, పాడేరు, చింతపల్లి మీదుగా రోజంతా తూర్పు కనుమల్లోనే తిరిగి, సాయంత్రానికి లంబసింగి చుట్టుపక్కల డేరా వేసుకునే దారి. మొత్తం 220 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మైదానంలో అయితే నాలుగు గంటల పని. ఇక్కడ మాత్రం పగలంతా పడుతుంది.

మొదటిసారి వెళ్లినప్పుడు గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర గంటన్నర, అరకులో రెండు గంటలు కూర్చున్నాను. లంబసింగి దగ్గరి తాజంగి చేరేసరికి రాత్రి ఏడున్నర. పొగమంచులో హెడ్‌లైట్ వెలుగు బానెట్ ముందే తెల్ల గోడలా నిలిచిపోయింది. టార్చ్ పళ్లతో కరిచి పట్టుకుని, కాలికి చదునుగా తగిలిన చోట డేరా వేసి పడుకున్నాను. తెల్లారి జిప్పు తీస్తే ఎదురుగా ఒక ముసలాయన, పక్కన రెండు ఎడ్లు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలీదు, నన్ను మాత్రం లేపలేదు. "ఏటి బావూ, తోవలో తొంగున్నావేటి?" అన్నాడు. నేను డేరా వేసింది సరిగ్గా కళ్లానికి వెళ్లే బండి బాట మధ్యలో. సిగ్గుతో మేకులు పీకుతుంటే ఆయనే వచ్చి రెండు పీకాడు.

ఆ రోజు బండి నడపడంలో తప్పేమీ చేయలేదు. ఎక్కడ ఎంతసేపు ఆగాలో తెలియక చేసిన తప్పది. అందుకే ఈ ప్రయాణాన్ని వెనక నుంచి లెక్కపెట్టడం నేర్చుకున్నాను.

1. గడియారం సాయంత్రం నుంచి మొదలుపెట్టండి

డిసెంబరులో ఇక్కడ సూర్యుడు ఐదున్నర లోపే అస్తమిస్తాడు. చుట్టూ కొండలుంటే లోయలో నీడ నాలుగున్నరకే పరుచుకుంటుంది. డేరా వేయడానికి అరగంట, చోటు వెతకడానికి గంట. అంటే మూడు గంటలకల్లా లంబసింగి పరిసరాల్లో ఉండాలి. ఇది గీత. దీన్ని పట్టుకుని వెనక్కి లెక్కేస్తే మధ్యాహ్నం రెండుకు చింతపల్లి, పన్నెండున్నరకు పాడేరు నుంచి కదలడం, పదికి అరకు నుంచి కదలడం, ఎనిమిదికి గాలికొండ, ఆరున్నరకు ఎస్.కోట (శృంగవరపుకోట), ఐదుకు ఇంటి గేటు.

ఒకవేళ పాడేరులోనే రెండు దాటిపోయిందనుకోండి. లంబసింగి ఆశ వదిలేయండి. పాడేరుకు ఆరేడు కిలోమీటర్లలో వంజంగి ఉంది, మేఘాల కొండ అని అందరూ పిలిచేది. దాని కింద కూడా డేరాలు అద్దెకిచ్చేవాళ్లున్నారు. అక్కడ పడుకోండి. ఒంటరి ప్రయాణంలో హాయి ఇదే. ప్లాను మార్చుకుంటే అలిగేవాళ్లెవరూ ఉండరు.

నవంబరు నుంచి జనవరి దాకా మంచి కాలం. నవంబరు, డిసెంబరుల్లో అరకు దారిలో వలిసె పూలు పసుపు దుప్పటి పరిచినట్టుంటాయి. వానాకాలం చూడ్డానికి ఇంకా బాగుంటుంది కానీ కొండచరియలు, జలగలు, గెడ్డల (కొండవాగుల) ఉధృతి ఉంటాయి. మొదటిసారికి వద్దు. డిసెంబరు శనివారాలు కూడా వద్దు. ఆ రాత్రి లంబసింగి రోడ్డు మీద కార్ల వరస చూస్తే వైజాగ్ జగదాంబ జంక్షన్ నయమనిపిస్తుంది. సోమవారం నుంచి గురువారం లోపు వెళ్లండి.

2. బండిని ముందు రోజే చూసుకోండి

పెద్ద ఎస్‌యూవీ అక్కర్లేదు. చిన్న హ్యాచ్‌బ్యాక్‌తోనే నాలుగుసార్లు వెళ్లొచ్చాను. చూడాల్సినవి బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్, కూలెంట్, వైపర్లు, స్టెప్నీలో గాలి. ఈ ఐదింటిలో అందరూ మర్చిపోయేది స్టెప్నీ. జాకీ పెట్టి చక్రం ఒక్కసారైనా ఇంటి దగ్గర మీరే విప్పి చూడండి. ఫ్యాక్టరీలో బిగించిన నట్లు మొదటిసారి చేత్తో రావు. ఆ సంగతి హుకుంపేట దగ్గర తెలుసుకోవడం కంటే ఇంటి ముందు తెలుసుకోవడం మేలు.

అద్దం లోపలి వైపు కూడా శుభ్రంగా తుడవండి. మంచులో లోపలి మురికే ఎక్కువ మసక తెస్తుంది.

3. సామాను

ఒక్కడికే అయినా ఇద్దరు పట్టే డేరా తీసుకోండి, సంచీ లోపల పెట్టుకోవచ్చు. కింద పరవడానికి టార్పాలిన్, దాని మీద ఫోమ్ చాప. చలికి అసలు దారి నేలే. పైన ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా కింద చాప లేకపోతే వెన్ను రాత్రంతా మంచు ముక్క మీద ఉన్నట్టే. లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో పది డిగ్రీల లోపుకు దిగడం మామూలే, కొన్ని రాత్రులు అంతకన్నా బాగా పడిపోతుంది. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరు. బయట పడుకుంటే కొర్రులా, అంటే కర్రలా, బిగుసుకుపోతారని ఆ పేరొచ్చిందంటారు. వైజాగ్ చలికి కొన్న స్వెట్టర్ ఇక్కడ చొక్కాతో సమానం. మంకీ క్యాప్ పెట్టుకోవడానికి మొహమాటపడకండి, అక్కడ అందరూ అదే పెట్టుకుంటారు.

పది లీటర్ల నీళ్లు, తలకు కట్టుకునే టార్చ్, దోమల క్రీము, పవర్ బ్యాంకు, చిన్న గడ్డపార, చెత్తకు రెండు సంచులు. దోమల క్రీమును తేలిగ్గా తీసుకోకండి. ఏజెన్సీలో మలేరియా పాత సమస్య. తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరమొస్తే డాక్టరుకు "ఏజెన్సీలో పడుకున్నాను" అని ముందే చెప్పండి.

నగదు ఉండాలి, అదీ వంద రూపాయల నోట్లు. సిగ్నల్ లేని చోట ఫోన్‌పే బోర్డు గోడకు అలంకారమే.

4. ఒక్క మనిషికి అంతా చెప్పండి

సోషల్ మీడియాలో లైవ్ పెట్టడం వేరు, ఒక మనిషికి బాధ్యత అప్పగించడం వేరు. ఇంట్లో ఒకరికి దారి, బండి నంబరు, ఎక్కడ పడుకుంటారు, రెండో చోటు ఏది అన్నవి కాగితం మీద రాసివ్వండి. పాడేరు నుంచి ఒక ఫోను, చింతపల్లి నుంచి ఒకటి. ఆ తర్వాత సిగ్నల్ పోవచ్చని ముందే చెప్పండి. "రేపు పదకొండు దాకా కంగారుపడొద్దు, పదకొండు దాటితే 112కి ఫోన్ చెయ్" అని గంట కూడా చెప్పాలి. గంట చెప్పకపోతే అమ్మ రాత్రి ఎనిమిదికే టెన్షన్ మొదలుపెడుతుంది. మ్యాపులు ఆఫ్‌లైన్‌లో దించుకోండి. ఆధార్, లైసెన్సు అసలువి దగ్గరుండాలి. ఈ దారిలో పోలీసు తనిఖీలు ఉంటాయి. ఎక్కడికి, ఎందుకు అని అడుగుతారు, నిజం చెబితే రెండు నిమిషాల పని.

5. దారి, ముక్కలు ముక్కలుగా

పెందుర్తి, కొత్తవలస దాటి ఎస్.కోట దాకా మామూలు రోడ్డు. తెల్లవారుజామున ఎదురొచ్చే కూరగాయల ఆటోలకు కొన్నిటికి లైట్లుండవు, అంతే. ఎస్.కోటలో ట్యాంకు నింపేయండి. అరకు, పాడేరు, చింతపల్లిల్లో బంకులున్నాయి కానీ వాటి మీద నమ్మకంతో సగం ట్యాంకుతో కొండెక్కడం నాకు ఇష్టం ఉండదు.

బొడ్డవర దాటాక ఘాట్ మొదలు. టైడా, డముకు, అనంతగిరి, గాలికొండ వరసగా వస్తాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ తోటలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియం తీగలు కనిపిస్తాయి. వ్యూ పాయింట్ల దగ్గర బొంగులో చికెన్ కాలుస్తుంటారు. తినండి, కానీ పొద్దున్నే కడుపు నిండా తిని మలుపులు తిరిగితే నిద్రొస్తుంది. నేనైతే పొట్లం కట్టించుకుంటాను. బొర్రా గుహలు ఈసారికి వదిలేయండి. పక్కకు తిరిగి వెళ్లి చూసి రావాలంటే రెండు గంటలు హరీ.

అరకులో ఒక కాఫీ, కాళ్లు చాపుకోవడం, మొహం కడుక్కోవడం. శుక్రవారమైతే సంత. రోడ్డు నిండా జనం, జీపులు, మేకలు. అరగంట అదనంగా లెక్కేసుకోండి.

అరకు నుంచి డుంబ్రిగుడ, హుకుంపేట మీదుగా పాడేరు నలభై అయిదు కిలోమీటర్ల దాకా. దారిలో చాపరాయి దగ్గర ఆగితే నీళ్లలోకి దిగకండి. పాచి పట్టిన బండ మీద జారిపడితే మీకు చెయ్యిచ్చే తోడు లేదు. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్లే 516ఈ జాతీయ రహదారి ఇదే. విస్తరణ పనులతో ఈ రోడ్డుకు రెండు ముఖాలు వచ్చాయి. కొత్త తారు మీద కారు ఎనభై అందుకుంటుంది, మలుపు తిరగ్గానే కంకర, పక్కకు మళ్లించిన మట్టి దారి. కొత్త రోడ్డు మీద యాభై దాటకుండా ఉంటే పాత రోడ్డు వచ్చినప్పుడు గుండె జారదు. కోతల కాలంలో వడ్లు, చోళ్లు (రాగులు), కాఫీ గింజలు రోడ్డు అంచున ఎండబెడతారు. వాటి మీద సడన్ బ్రేక్ వేస్తే గోలీల మీద వేసినట్టే. పైగా అది ఒకరి ఏడాది కష్టం, పక్కనుంచి పోనివ్వండి.

పాడేరు ఇప్పుడు జిల్లా కేంద్రం. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డప్పటి నుంచి. మెకానిక్, మందుల షాపు, ఆసుపత్రి, వేడి భోజనం, అన్నీ దొరికే చివరి పెద్ద ఊరు ఇదే అనుకోండి. బండిలో ఏ చిన్న శబ్దం వచ్చినా ఇక్కడే చూపించండి. రాత్రికి రొట్టె, గుడ్లు, అరటిపళ్లు ఇక్కడే కొనండి.

పాడేరు నుంచి జి.మాడుగుల మీదుగా చింతపల్లి. నాకు మొత్తం దారిలో ఇష్టమైన ముక్క ఇదే. బళ్లు తక్కువ, ఊళ్ల మధ్య దూరం ఎక్కువ. ఆ ఒంటరితనంలోనే కన్ను మూత పడుతుంది, ఎందుకంటే సరిగ్గా భోజనం చేసిన గంటకు ఇక్కడుంటారు. ఆవలింత రెండోసారి వస్తే ఆపేయండి. సీటు వెనక్కి వాల్చి ఇరవై నిమిషాల అలారం పెట్టుకుని పడుకోండి. పాటల సౌండ్ పెంచితే నిద్ర ఆగదు. చింతపల్లిలో టీ తాగేటప్పుడు ఒకటి గుర్తుచేసుకోవచ్చు, 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం తుపాకుల కోసం మొదట దాడి చేసింది ఈ ఊరి పోలీస్ స్టేషన్ మీదే. వాళ్లు ఈ కొండలన్నీ కాలినడకన తిరిగారు. మనం పవర్ స్టీరింగ్ తిప్పి చేతులు నొప్పంటాం.

అక్కడి నుంచి లంబసింగి ఇరవై కిలోమీటర్ల లోపే.

6. ఘాట్‌లో బండి నడపడం

ఏ గేర్లో ఎక్కారో ఆ గేర్లోనే దిగండి. పాత లారీ డ్రైవర్ల సూత్రమిది, ఇంతకన్నా మంచిది నాకు దొరకలేదు. దిగేటప్పుడు రెండో గేర్లో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేక్ పెడల్ మీద కాలు అలాగే ఉంచి దిగితే ప్యాడ్లు వేడెక్కుతాయి. ముందు కాలిన రబ్బరు లాంటి వాసన వస్తుంది, తర్వాత పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. వాసన దగ్గరే ఆగాలి. పక్కకు తీసి, గేర్లో పెట్టి, చక్రానికి రాయి అడ్డం వేసి అరగంట కూర్చోండి. చక్రాల మీద నీళ్లు మాత్రం పోయొద్దు, కాలిన డిస్కు వంకర పోతుంది. ఆటోమేటిక్ బండి అయితే డి వదిలి ఎల్ లేదా మాన్యువల్‌లోకి మార్చండి.

న్యూట్రల్‌లో దింపితే పెట్రోలు మిగులుతుందని చెప్పే బాబాయి ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. ఇప్పటి బళ్లలో గేర్లో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంజనుకు ఇంధనం దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనే ఇంజను నడవడానికి పెట్రోలు కావాలి. బాబాయి మాట వింటే డబ్బూ పోతుంది, పట్టూ పోతుంది.

హెయిర్‌పిన్ మలుపు దగ్గర హారన్ కొట్టి, కిటికీ దించి వినండి. పై నుంచి ఆర్టీసీ బస్సు మోత వినిపిస్తే మలుపుకు ముందే ఆగిపోండి. బస్సుకు ఆ మలుపులో రోడ్డంతా కావాలి. మీరు సగంలో ఇరుక్కుంటే రివర్స్ తీయాల్సింది మీరే, పక్కన చూసి చెప్పేవాళ్లుండరు. ఇరుకు దారిలో ఎక్కే బండికే ముందు దారి ఇవ్వాలన్నది కొండ మర్యాద మాత్రమే కాదు, రూలు కూడా. వాలులో ఆగిన బండి మళ్లీ కదలడం కష్టం కాబట్టి.

మంచులో హై బీమ్ వేస్తే ఆ వెలుగు తిరిగి మీ కళ్లలోకే కొడుతుంది. లో బీమ్, ఉంటే ఫాగ్ ల్యాంపులు, ఎడమ అంచు తెల్ల గీత. నాలుగు ఇండికేటర్లూ కలిపి వేసుకుని నడపకండి, మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి తెలియదు.

7. చోటు దొరకబుచ్చుకోవడం

మొదటి సంగతి, ఖాళీగా కనిపించే చోటేదీ ఖాళీ కాదు. అయితే రిజర్వు ఫారెస్టు, లేదా ఒక ఆదివాసీ కుటుంబం భూమి, లేదా ఊరి బీడు. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా పడుకోవడం, మంట వేయడం నేరం. మిగతా భూమి షెడ్యూల్డ్ ప్రాంతంలోది, 1/70 చట్టం వల్ల గిరిజనేతరుల చేతికి పోకుండా నిలిచిన నేల. కాబట్టి అడగాలి. అడిగే పద్ధతి కూడా ఉంది. కారులో కూర్చుని కిటికీలోంచి కేకేయకండి. దిగి, ఒక టీ కొట్టు దగ్గర టీ తాగి, "అమ్మా, ఈ రాత్రికి చిన్న డేరా వేసుకోవాలి. మంట పెట్టను, పొద్దున్నే వెళ్లిపోతాను. ఎవరినడగాలి?" అనండి. నాకు ఇంతవరకూ కాదన్నవాళ్లు లేరు. ఒకావిడ తన చోళ్ల చేను గట్టు పక్కన చోటు చూపించి, డబ్బు వద్దని, రాత్రి ఎలుగ్గొడ్డు తిరుగుతుందని, తినేవి డేరాలో పెట్టుకోవద్దని చెప్పి వెళ్లింది. ఆ చివరి మాటకు నాకు నిద్ర పట్టలేదనుకోండి. తినేవన్నీ కారు డిక్కీలో పెట్టాలన్న అలవాటు మాత్రం అక్కడే అయింది.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నా సలహా, లంబసింగి, తాజంగి జలాశయం, చెరువులవేనం చుట్టుపక్కల స్థానికులు నడిపే డేరాల చోట్లలో ఒకదాంట్లో స్థలం అద్దెకు తీసుకోండి. ధర ఒప్పుకునే ముందు మరుగుదొడ్డి చూడండి, కారు కనిపించేంత దగ్గర్లో నిలపొచ్చో లేదో చూడండి, రాత్రి ఎన్నింటికి పాటలు ఆపుతారో అడగండి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం.

నేల చూసేటప్పుడు గెడ్డకు దూరంగా, కనీసం పది అడుగుల ఎత్తున ఉండాలి. పైన ఎక్కడో వాన పడితే మీ దగ్గర చుక్క రాలకుండానే గెడ్డ పొంగుతుంది. పల్లంలో వద్దు, చల్లగాలి, మంచు అక్కడికే దిగి కూర్చుంటాయి. ఎండిన కొమ్మల కింద వద్దు, పుట్టల దగ్గర వద్దు, పనస చెట్టు కింద అసలే వద్దు. కాలిబాట, బండి గాడి ఉందేమో వంగి చూడండి. నా ఎడ్ల కథ మీకు జరగకూడదు. డేరా వేసే ముందు టార్పాలిన్ పరిచి ఒక్క నిమిషం దాని మీద పడుకుని చూడండి. కంటికి చదునుగా కనిపించే నేల వీపుకు అలా ఉండదు. వాలు తప్పకపోతే తల ఎత్తు వైపు పెట్టుకోండి.

8. రాత్రి

కారును గాలి వచ్చే వైపు అడ్డంగా, ముందు భాగం రోడ్డు వైపు ఉండేలా నిలపండి. రాత్రి ఏ కారణంగానైనా వెళ్లిపోవాలనిపిస్తే రివర్స్ చేసుకునే పని ఉండదు. తాళాలు, చెప్పులు, టార్చ్ ఎప్పుడూ ఒకే చోట, తల పక్కన.

డేరా కిటికీ వేలెడంత తెరిచే ఉంచండి. మూసేస్తే మీ ఊపిరి తేమే పైకప్పుకు పట్టి తెల్లారి మీ మీద చినుకుల్లా రాలుతుంది. చలి ఎంత ఉన్నా డేరాలోకి బొగ్గుల కుంపటి, స్టవ్ తేవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కిటికీలు మూసి, ఇంజన్ ఆన్‌లో పెట్టుకుని కారులో పడుకోవడమూ అంతే ప్రమాదం. వేడి కావాలంటే స్టీలు సీసాలో వేడినీళ్లు పోసి, తువ్వాలు చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకోండి. రాత్రి రెండింటి దాకా పనిచేస్తుంది. రెండింటికి ఎలాగూ మెలకువ వస్తుంది. అప్పుడు బయటికొచ్చి ఒకసారి పైకి చూడండి. వైజాగ్‌లో మనకు ఆకాశం ఎంత తక్కువ కనిపిస్తుందో తెలుస్తుంది.

ఎవరైనా టార్చ్ వేసుకుని వచ్చి పలకరిస్తే భయపడకండి, చాలావరకు పొలం కాపలాకు వెళ్లేవాళ్లే. మాట కలిపి సమాధానం చెప్పండి. మీరు ఫలానావాళ్లని అడిగి పడుకున్నారని చెబితే సరిపోతుంది. జీలుగు కల్లు ఇస్తామంటే నవ్వి వద్దనండి. పొద్దున ఘాట్ దిగాలి.

9. పొద్దున

ఆరింటికి మంచు బాగా దట్టంగా ఉంటుంది. ఫొటోలు తీసుకోండి, నీళ్లు కాచుకోండి, కానీ బండి తీయకండి. తొమ్మిది, ఒక్కోసారి పది దాటాకే లంబసింగి ఘాట్ దిగడం మంచిది. తడి డేరాను అలాగే చుట్టి తెచ్చి, ఇంటికి రాగానే మేడ మీద ఆరేయండి, లేకపోతే వారానికే బూజు. చెత్త సంచి మీతోనే కిందికి రావాలి. నర్సీపట్నంలో పారేయొచ్చు. చోటు చూపించినవాళ్లు డబ్బు తీసుకోకపోతే పాడేరులో కొన్న అరటిపళ్లలో మిగిలినవి పిల్లలకిచ్చి రండి.

దిగేటప్పుడు మళ్లీ రెండో గేరు. ఘాట్ పూర్తయ్యాక డౌనూరు దగ్గర ఒకసారి ఆగి చక్రాల దగ్గర వాసన చూడండి. ఏమీ రాకపోతే సరిగ్గా దిగారన్నమాట. ఇక నర్సీపట్నం, తాళ్లపాలెం, హైవే. సిగ్నల్ రాగానే ముందు ఇంటికి ఫోన్, పదకొండు కాకముందే.